లింకు డాక్యుమెంట్లు లేని వాగు

బుడమేరు మీద నాకు కక్షేమీ లేదు. మైలవరం కొండల్లో పుట్టి, బెజవాడ మీదుగా పోయి కొల్లేరులో కలుస్తుందని బడిలో చదువుకున్నవాణ్ణే. కానీ చట్టం చట్టమే. జాగా నాదంటే కాగితం చూపించాలి. బుడమేరు దగ్గర ఏముంది? పట్టా లేదు, ఈసీ లేదు, లింకు డాక్యుమెంట్లు అసలే లేవు. తాతల నాటి నుంచీ ఇటే పారుతున్నానంటుంది. ఆ మాట ఎవరైనా అంటారు!

అవతలి పార్టీని చూడండి. రిజిస్టరైన దస్తావేజు, ఇంటిపన్ను రసీదు, కరెంటు మీటరు, గేటు దాకా సిమెంటు రోడ్డు. అన్నిటి మీదా సర్కారు ముద్రే. పైగా ఈస్ట్ ఫేసింగ్. ఈశాన్యంలో నీళ్లుంటే శుభమని సిద్ధాంతిగారు కూడా సెలవిచ్చారు. ఎన్ని అడుగులుండాలో అడగడం మర్చిపోయారు పాపం. వెంచరు వేసినాయన ఇల్లు మాత్రం ఎప్పుడూ మెరక మీదే ఉంటుంది, అది వేరే సంగతి.

అలాంటి చోటికి 2024 సెప్టెంబరు 1న ఈ వాగు చెప్పాపెట్టకుండా వచ్చిపడింది. బెజవాడ సింగ్‌నగర్ మునిగింది. దానికీ ఓ సాకుంది లెండి. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదను మళ్లింపు కాలువలోకి తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు పెద్దలు. భేషైన ఏర్పాటే. కాకపోతే బుడమేరు పొంగే వానకే కృష్ణా పొంగుతుందన్న చిన్న లోటుంది. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు! తన నీళ్లకే చోటు చాలని కృష్ణ పరాయి నీళ్లను ఏం రానిస్తుంది? కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. వాగు పాత దారి వెతుక్కుంటూ వస్తే ఆ దారిలో బీరువాలు, ఫ్రిజ్‌లు, స్టాండు వేసిన బళ్లు. నీళ్లు తీశాక గోడల మీద బురద గీత మిగిలింది. రెండు కోటింగులు వేస్తే అదీ కనపడదు, అమ్మకానికి అడ్డం రాదు.

పోనీ ఊరు దాటి కొల్లేరు చేరినా సుఖమా? అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యమని 1999లో ప్రకటించారు. ఆ గీత లోపల వెలిసిన చేపల చెరువుల గట్లు 2006లో కొట్టారు. కొట్టిన గట్లు మళ్లీ లేచాయి. సముద్రానికి పోదామంటే ఉన్నది ఒక్క ఉప్పుటేరు.

కాబట్టి నాదొక సూచన. బుడమేరు కూడా ఎల్ఆర్ఎస్ కింద దరఖాస్తు పెట్టుకోవాలి. అక్రమ లేఅవుట్లకు ఫీజు కట్టించుకుని సక్రమం చేసే దొడ్డమనసు మనకుంది, ఒక్క వాగు బరువవుతుందా? ఇరుగుపొరుగు ప్లాట్లవాళ్ల నిరభ్యంతర పత్రం మాత్రం తప్పనిసరి. వాళ్లంతా సంతకాలు పెట్టేదాకా బుడమేరు మైలవరం కొండల్లోనే ఉండాలి, వానొచ్చినా సరే.