కొతెలో దూది కూరడం ఇక ఆపండి

ఇంట్లో సమురాయ్ కవచం చేసుకునేవాళ్లు కొతె (భుజం నుంచి అరచేతి వెనక దాకా కప్పే చేతి కవచం) కుట్టేటప్పుడు రేకు మీద పెట్టే శ్రద్ధలో పావు వంతైనా గుడ్డ మీద పెట్టరు. రెండు పొరల పాలియెస్టర్ దూది వేసి, దిండు గలీబులా గొట్టం కుట్టి, పైన రేకులు గమ్‌తో అంటించేసి ‘కొతె రెడీ’ అంటారు. తొడిగితే మోచెయ్యి మడవదు. మడవకపోక ఏం చేస్తుంది?

కొతె అంటే రేకులకు వేసిన తొడుగు కాదు, మొత్తం బరువు మోసేదే ఆ గుడ్డ. ముంజేతి మీది నిలువు పట్టీలు (షినో), వాటి మధ్య గొలుసు జాలీ (కుసారి), అరచేతి వెనక కప్పే తెక్కో, అన్నీ దానికే కుట్టి ఉంటాయి. పాత కొతెల్లో పైన పట్టు జరీ గుడ్డో జనపనార గుడ్డో, లోపల ముతక అస్తరు ఉంటాయి. మందపాటి బొంత కుట్టు చొక్కా యూరప్ వాళ్ల పద్ధతి, దాన్ని తెచ్చి ఇక్కడ అతికించకండి.

పైకి గట్టి కాటన్ కాన్వాస్, మధ్యలో ఒక్క పొర పల్చని ఫ్లానెల్, లోపల ముతక ఖద్దరు. అంతా కలిపి 3–4 మిల్లీమీటర్లు దాటకూడదు. మూడింటినీ కత్తిరించే ముందే వేడినీళ్లలో ఉతకాలి, లేకపోతే తర్వాత ఒక్కో పొర ఒక్కోలా కుంచించుకుపోయి రేకుల కింద ముడతలు తేలతాయి. పై రెండు పొరల్ని నిలువుగా 2 సెంటీమీటర్ల ఎడంతో కుట్టేసి, ఆ తర్వాతే కత్తిరించండి. కుట్టు పడ్డాక వెడల్పు తగ్గుతుంది, ముందే కత్తిరిస్తే కొలత తప్పుతుంది.

కొలతలు లోపలి చొక్కా తొడుక్కుని, మోచెయ్యి మడిచి తీసుకోవాలి. మడిచినప్పుడు మోచేతి వెనక పొడవు పెరుగుతుంది కదా, అందుకే అక్కడ మూడు చిన్న టక్కులు వెయ్యండి. లోపలి మడత దగ్గర మధ్య పొరని నెలవంక ఆకారంలో తీసెయ్యండి. చేతి లోపలివైపు అంచుల్ని కలిపి కుట్టకుండా 3 సెంటీమీటర్లు వదిలి, 4 సెంటీమీటర్లకొక కాజా వేసి తాడుతో బిగించుకోవాలి. పాత కొతెలు చాలావరకు ఇలాగే ఉంటాయి. వెల్క్రో మాత్రం వద్దు, చెయ్యి మడిచిన ప్రతిసారీ ఊడుతుంది.

అసలు తప్పు జరిగేది వరసలో. రేకుల్ని పై రెండు పొరలకే కుట్టాలి, అస్తరు చివర్లో చేత్తో. అప్పుడే చెమట పట్టిన అస్తరుని విప్పి మార్చగలం. మైనం పట్టించిన దారం వాడి, ప్రతి రంధ్రం దగ్గరా విడిగా ముడి వెయ్యండి. ఒకే దారం పరుగు తీయిస్తే ఒక్కచోట తెగినా వరుసంతా ఊడుతుంది. రంధ్రాల అంచులకు ఆకురాయి పెట్టకపోతే ఏ ముడీ నిలవదు. జాలీని బల్ల మీద పరిచి కుట్టకండి. చేతి ఆకారంలో ఉన్న దిమ్మకి తగిలించి, కిందికి వేలాడుతుండగా కుట్టాలి. లేకపోతే బరువంతా జారి మణికట్టు దగ్గర సంచిలా పోగవుతుంది.

భుజం అంచున రెండు మడతల కాన్వాస్ పట్టీ తప్పనిసరి. కవచం భుజపట్టీకి తగిలించే కొయ్య బొత్తాలు (కొహాజె) అక్కడే ఉంటాయి, బరువు లాగేదీ అక్కడే. చేతి వెనక తెక్కోకి బొటనవేలికొకటి, మధ్యవేలికొకటి ఉచ్చు చాలు, గ్లవ్ అక్కర్లేదు.

గుడ్డ వరకు కుట్టాక తొడుక్కుని, చెయ్యి మడిచి అవతలి వైపు భుజం ముట్టుకోండి. మణికట్టు అంచు 2 సెంటీమీటర్లకంటే పైకి జరిగితే టక్కులు చాల్లేదన్నమాట. రేకులు కుట్టకముందే విప్పి సరిచెయ్యండి.