వేరు కాపురం అడుగుతున్న లైబ్రరీకి

ప్రోగ్రాంలు అరువు తెచ్చుకునే కోడ్‌వైన చి॥ లైబ్రరీని ఆశీర్వదించి, ప్యాకేజీలు కట్టే మెయింటెయినరు వ్రాయునది ఏమనగా, ఇక్కడ డెబియన్ అనే లినక్స్ ఊళ్ళో అందరం క్షేమం, కొత్త సరుకు ముందుగా దిగే అన్‌స్టేబుల్‌లో ఉన్నవాళ్ళు తప్ప.

నీకు విడిగా ప్యాకేజీ కట్టాలా, నిన్ను చంకనేసుకొచ్చిన ప్రోగ్రాంలోనే పడుండనివ్వాలా అని మూడు వారాలుగా తల పట్టుకున్నాను. నువ్వు చూస్తే రెండు ఫైళ్ళు. నీ రీడ్‌మీ మొదలయ్యేదే "ఈ రెండూ మీ ప్రాజెక్టులోకి కాపీ చేసుకోండి" అని. కన్నవాళ్ళే దత్తతకు బోర్డు పెట్టాక ఇంటిపేరు నేనెక్కణ్ణించి తేను నాయనా?

నిన్న రాత్రి రీడ్‌ఎల్ఫ్ అనే పనిముట్టుతో నీ లోపలికి తొంగిచూశాను. సోనేమ్, అంటే లైబ్రరీ తన వెర్షన్ అంకెతో కలిపి చెప్పుకునే పేరు, ఆ వరుసే లేదు! ఆ పేరు చివరి అంకె మీదే కదా మా సంసారం నడిచేది. అంకె మారితే ప్యాకేజీ పేరు మారాలి, కొత్త ప్యాకేజీలను పరిశీలించే న్యూ క్యూలో మళ్ళీ నిలబడాలి, నిన్ను నమ్ముకున్న ప్రతి ప్రోగ్రాంనీ మళ్ళీ బిల్డ్ చేయించాలి. నువ్వేమో అంకె ఊసే లేకుండా 1.3 నుంచి 1.4కి వస్తూ స్ట్రక్ట్ (డేటా గళ్ళ వరుస) నడిమధ్యన ఒక ఇంట్ (పూర్ణాంకం గడి) ఇరికించావు. చేంజ్‌లాగ్‌లో "చిన్న మార్పులు" అట! రాత్రికి రాత్రి మెట్లు జరిపేసి, చీకట్లో దిగేవాళ్ళకి చెప్పకపోవడం చిన్న మార్పా? పాత లెక్కన కాలేసిన ప్రోగ్రాం సెగ్‌ఫాల్టయి కింద పడింది.

మా ఊళ్ళో పేర్లకి ఎంత పట్టింపో చెప్తా విను. డేటా కుదించే లైబ్రరీ జెడ్‌లిబ్ ప్యాకేజీ పేరు ఈనాటికీ జెడ్‌లిబ్1జి. ఆ "జి" 1990ల్లో గ్లిబ్‌సి అనే సి లైబ్రరీకి మారినప్పుడు తగిలించిన తోక. 2024లో సమయం దాచే టైమ్_టిని 64 బిట్లకు పెంచారు. అవసరం 32 బిట్ల యంత్రాల వాళ్ళది, అయినా అందరితో పాటు నా ల్యాప్‌టాప్‌లోనూ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ లిబ్‌ఎస్ఎస్ఎల్3 కాస్తా లిబ్‌ఎస్ఎస్ఎల్3టి64 అయి కూర్చుంది. ఈ తోకలు ఇక ఎప్పుడు ఊడతాయో!

మరి కాపీగానే ఉండిపో అందామంటే 2002 గుర్తొస్తుంది. జెడ్‌లిబ్‌లో ఒకే మెమరీని రెండుసార్లు వదిలేసే డబుల్ ఫ్రీ లోపం బయటపడింది. ఉమ్మడిగా వాడుకున్నవాళ్ళకి ఒక్క ప్యాకేజీ మారిస్తే సరిపోయింది. సొంత కాపీ దాచుకున్నవాళ్ళని మాత్రం గడప గడపా వెతకాల్సొచ్చింది. కాపీలు వద్దని మా పాలసీ మొత్తుకునేది అందుకే.

కానీ నిన్ను వాడేది బొమ్మలు కుదించే ఒక్క ప్రోగ్రాం. ఒక్క ప్రయాణికుడికి బస్టాండు కట్టమంటావా? కడతాననుకో, ఊడ్చేదెవరు? ఆదివారం పూట నేనే.

కాబట్టి ప్రస్తుతానికి స్టాటిక్‌గా, అంటే ఆ ప్రోగ్రాంలోనే కలిసిపోయి, లోపలే ఉండు. సెక్యూరిటీ వాళ్ళ కాపీల జాబితాలో నీ పేరు రాయిస్తాను. సోనేమ్ పెట్టమని మీ వాళ్ళకి ప్యాచ్ పంపాను, కాస్త గుర్తుచెయ్యి.

ఇట్లు,
నీ కాబోయే, లేదా కాకపోయే, మెయింటెయినరు

తా.క. ఇప్పుడే ఇంకో ప్రోగ్రాంలో నువ్వు కనబడ్డావు. ఫంక్షన్ల పేర్లన్నీ మార్చి పెట్టుకున్నారు, ఆ ఇంట్ ఒక్కటే గుర్తుపట్టాను.