తల్లికెందుకు చెప్పరు?

నాలుగున్నర కిలోలో ఐదు కిలోలో బరువుతో బిడ్డ పుడితే చాలు, 'బాలభీముడు' అంటూ ఫొటోలు వచ్చేస్తాయి. డాక్టరమ్మ, నర్సులు, తండ్రి, నాయనమ్మ అందరూ వాటిలో ఉంటారు. చివర్లో 'తల్లీబిడ్డ క్షేమం' అని ఒక ముక్క. ఆమెకు ఎన్ని కుట్లు పడ్డాయో, ఎంత రక్తం పోయిందో ఎవరికీ పట్టదు. బిడ్డ అంత బరువు పెరుగుతోందని ప్రసవానికి ముందే ఆమెకు ఎవరైనా చెప్పారా? అదీ అడగరు.

నాలుగు కిలోలు దాటిన బిడ్డను కనడం ఆషామాషీ కాదు. తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుంటే నిమిషాల్లో బయటికి తీయాలి. ఆలస్యమైతే బిడ్డకు ఊపిరి అందక మెదడు దెబ్బతినవచ్చు. కంగారులో గట్టిగా లాగితే చేతి నరాలు పోవచ్చు. తల్లికి మలద్వారం దాకా చీలిక పడే ప్రమాదం, ప్రసవం తర్వాత ఆగని రక్తస్రావం సరేసరి. ఈ అధిక బరువుకు ఒక ముఖ్య కారణం గర్భంతో వచ్చే షుగర్. దాన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూస్తే చాలు. తిని వచ్చినా ఫరవాలేదు. రీడింగ్ 140కి చేరితే షుగర్ ఉన్నట్టే లెక్క. గర్భిణి తొలిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి ఈ పరీక్ష చేయాలని కేంద్ర మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఫలితం ఏమిటో, దానికి అర్థమేమిటో ఎంతమంది తల్లులకు విడమరిచి చెబుతున్నారు?

పెద్ద బిడ్డ అనగానే షుగరేనా, తల్లిదండ్రుల ఒడ్డూపొడుగూ, నెలలు దాటిపోవడమూ కారణాలు కావా అని వైద్యులు అంటారు. ముహూర్తం చూసుకుని మరీ ఆపరేషన్ అడిగే కుటుంబాలున్నాయనీ అంటారు. నిజమే. ఆ మాటైనా తల్లికి చెప్పాలి కదా!

ప్రైవేటులో కథ తిరగబడుతుంది. అక్కడ 'బిడ్డ పెద్దగా ఉంది, నార్మల్‌కు గ్యారంటీ లేదు' అనే మాట కత్తికి దారి చూపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ప్రైవేటు ఆస్పత్రుల కాన్పుల్లో సిజేరియన్లు తెలంగాణలో 81.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. దేశ సగటే 47.4. ఇన్ని కడుపుల్లో భీములే పెరుగుతున్నారా? స్కాన్‌లో కనిపించే బరువు అంచనా మాత్రమే. 10-15 శాతం అటూ ఇటూ కావడం మామూలు. 3.8 కిలోలన్న బిడ్డ పుట్టాక 3.3 తూగవచ్చు. ఈ సంగతీ తల్లికి చెప్పరు. టెన్షన్ మాత్రం పెడతారు.

స్కాట్లాండ్‌లో 1999లో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగింది. నదీన్ మాంట్‌గొమరీకి షుగర్ ఉంది, మనిషి పొట్టి, బిడ్డ పెద్దది. భుజం ఇరుక్కునే ముప్పు ఉందని చెబితే సిజేరియన్ అడుగుతారని డాక్టర్ చెప్పలేదు. భుజం ఇరుక్కుంది, బిడ్డకు మెదడు దెబ్బతింది. ముప్పు చెప్పాల్సిందేనని, నిర్ణయం తల్లిదేనని 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ ఆపరేషన్ అడుగుతుందని దాచారు, ఇక్కడ ఆపరేషన్‌కు ఒప్పుకోవాలని భయపెడుతున్నారు. రెండు చోట్లా తల్లికి నిజం చెప్పలేదు.

సరైన సమాచారం ఇచ్చాకే సమ్మతి తీసుకోవాలని మన సుప్రీంకోర్టు కూడా 2008లోనే చెప్పింది. స్కాన్ బరువు, అందులో ఉండే తేడా, షుగర్ రీడింగ్, రెండు దారుల్లోనూ ఉన్న ముప్పు తెలుగులో రాసి నెలలు నిండేలోపే ఆమె చేతిలో పెట్టాలి. నొప్పులతో మెలికలు తిరుగుతున్న మనిషి చేత ఇంగ్లిష్ ఫారం మీద వేయించే సంతకాన్ని సమ్మతి అనడానికి ఆరోగ్య శాఖలకు సిగ్గుండాలి.