ఆ బూడిద ఈ బూడిద కాదట!

మూడు నెలలు భూతద్దంలో కళ్లు పెట్టి స్పిట్‌ఫైర్ అనే పాత బ్రిటిష్ యుద్ధవిమానానికి 1/72 మోడల్ (అసలుదానిలో 72వ వంతు) ఒకటి పూర్తి చేసి బల్ల మీద పెడితే, ఆయన వచ్చి వంగి చూసి "ప్చ్" అన్నాడు. ఆయనెవరో మీకు చెప్పక్కర్లేదు, మోడల్స్ చేసే ప్రతివాడికీ అలాంటాయన ఒకడు రాసిపెట్టి ఉంటాడు. రెక్క ఊడిందా, చక్రం వంకర పోయిందా? అబ్బే. "ఓషన్ గ్రే బూడిద రంగులో నీలం కాస్త తగ్గింది."

ఈ మహానుభావుల సేవని లోకం సరిగ్గా గుర్తించడం లేదని నా బాధ. కోడిగుడ్డుకి ఈకలు పీకడం మామూలు విద్యా? అందులోనూ 13 సెంటీమీటర్ల పొడవు కూడా లేని గుడ్డుకి!

పక్కనే నా ఇంకో మోడల్, అమెరికన్ ఫైటర్ జెట్ ఎఫ్-16 ఉంది. దాని పరీక్ష చూసి తీరాల్సిందే. ముందు ట్యూబ్‌లైట్ ఆర్పించాడు. కర్టెన్ తీయించాడు. ఎండ ఎక్కువైందని మళ్లీ సగం వేయించాడు. సంచీలోంచి విసనకర్రలా విచ్చుకునే రంగు చీటీల కట్ట తీసి, ఒక చీటీ విమానం పొట్టకి ఆనించి, ఒక కన్ను మూసి, "ఇది 36375 కాదు, 36320 వైపు పోతోంది" అని తీర్పిచ్చాడు. (ఇవి రంగుల నంబర్లు. అమెరికన్ లెక్కలో మొదటి 3 అంటే మెరుపు లేనిది, 6 అంటే బూడిద కుటుంబం, మిగతా మూడంకెలూ ఎంత లేతో చెప్పేవి. గుర్తుంచుకోండి, ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించొచ్చు.) కిటికీ దగ్గరకి పట్టుకెళ్తే 36375 అయింది. బల్ల దగ్గరకి తెస్తే కాకుండా పోయింది. ఇలా ఆ విమానం గదిలో నాలుగు చక్కర్లు కొట్టింది, పాపం, దాని జన్మకి అదే ఎగరడం. తీరా చూస్తే ఆయన కళ్లజోడు ఎండకి నల్లబడే రకం.

ఇంకో శాస్త్రం కూడా ఉంది. దూరం నుంచి చూస్తే రంగు లేతగా కనబడుతుంది కాబట్టి చిన్న మోడల్‌కి రంగులో తెలుపు కలపాలట. ఎంత? నూటికి పది అంటాడొకడు, పదిహేను అంటాడింకొకడు. అంటే నంబరుకి వెంట్రుకవాసి తేడా రాకుండా రంగు కలిపి, ఆ తర్వాత అందులో చేతికొచ్చినంత తెలుపు పోసుకోవాలన్నమాట. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ విమానాల 81 నంబరు రంగైతే వాళ్ల కాగితాల్లోనే ఒకచోట గోధుమ వయొలెట్, ఇంకోచోట ఆలివ్ గోధుమ. ఈయనకి మాత్రం ఏ అనుమానమూ లేదు.

అసలు ఆ ఓషన్ గ్రే సంగతి వినండి. 1941 ఆగస్టులో బ్రిటిష్ ఫైటర్లకి ఆ రంగు వేయమన్నారు. తీరా చేతిలో సరిపడా డబ్బాలు లేవు. మీడియం సీ గ్రే అనే ఇంకో బూడిద రంగు ఏడు పాళ్లు, నలుపు ఒక పాలు కలిపి కొట్టేయమన్నారు. కలిపారు, కొట్టారు, ఎగిరారు. ఆ కలిపినవాడి పక్కన చీటీల కట్ట పట్టుకుని ఎవడూ నిలబడలేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాం, సరే. మొన్న పన్నెండేళ్ల పిల్లాడొకడు తన మొదటి విమానం తెచ్చాడు. బ్రష్ గీతలు, కాక్‌పిట్ అద్దం మీద జిగురు వేలిముద్ర. రంగు మాత్రం తనే రెండు డబ్బాలు కలిపి చేశాడు, ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహం వెలిగిపోయింది. ఈయన కట్ట తీశాడు. "ఈ రంగు విమానం ఎప్పుడూ లేదు బాబూ" అన్నాడు. వాడు మాట్లాడకుండా విమానాన్ని అట్టపెట్టెలో పెట్టేసుకున్నాడు.

సిగ్గుండాలి. ఎనభై ఏళ్ల కిందటి నలుపు తెలుపు ఫోటోలు చూసి, అప్పటి కొన్ని ఫిల్ముల్లో ఎరుపు కూడా నల్లగా పడేదన్న ఇంగితం లేకుండా రంగులు తేల్చేస్తావు, నీకు పిల్లాడి చేతిలో బ్రష్ లాక్కునే హక్కు ఎవడిచ్చాడయ్యా? నువ్వు ఒక్క విమానం పూర్తి చేసి ఎన్నేళ్లయింది? నీ అలమరాలో విప్పని కిట్లు ఎన్ని?

వాణ్ణి బతిమాలి ఆ విమానం తెచ్చుకున్నాను. బల్ల మీద ముందు వరసలో పెట్టాను. ఆదివారం ఆయన మళ్లీ వస్తానన్నాడు. రానీ, ఈసారి ట్యూబ్‌లైట్ నేనే ఆర్పుతాను.