డ్రమ్స్ లేని లయ: పంచ్ బ్రదర్స్ ఆల్బమ్ ఎందుకు కట్టిపడేస్తుంది

2015 జనవరిలో నాన్‌సచ్ రికార్డ్స్ విడుదల చేసిన 'ది ఫాస్ఫరెసెంట్ బ్లూస్' ఆల్బమ్ అట్ట మీద ఒక పాత పెయింటింగ్ ఉంటుంది. బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ 1928లో వేసిన 'ది లవర్స్' అది. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ముద్దు పెట్టుకుంటూ ఉంటారు. ఇద్దరి తలలకూ గుడ్డ చుట్టి ఉంటుంది. అంత దగ్గరగా ఉండి కూడా ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. ఈ ఆల్బమ్ చేసిన అమెరికా బ్యాండ్ పంచ్ బ్రదర్స్ ఈ బొమ్మను ఊరికే ఎంచుకోలేదు. ఫాస్ఫరెసెంట్ అంటే మసకగా వెలిగేది. ఆల్బమ్ పేరులోని ఆ మసక వెలుగు సెల్‌ఫోన్ తెరది. ఒకే గదిలో కూర్చుని ఎవరి తెరలోకి వాళ్లు చూసుకునే మనుషుల గురించే ఇందులో చాలా పాటలు.

ఫోన్ల వల్ల మనుషులు దూరమైపోతున్నారని బాధపడే పాటలకు ఏ భాషలోనూ కొరత లేదు. వాటిలో ఎక్కువ భాగం వినేవాళ్లకు క్లాసు పీకి ఊరుకుంటాయి. ఈ ఆల్బమ్ ఆ పని చెయ్యదు. దీని బలం మాటల్లో కన్నా వాయించే తీరులో ఉందని నా నమ్మకం. ఐదుగురూ ఒకరినొకరు శ్రద్ధగా వినకపోతే ఒక్క నిమిషం కూడా నిలబడని సంగీతం ఇది. మనుషులు కలిసి ఉండటం ఎలాగని పాట అడుగుతుంటే, ఆ కలిసి ఉండటాన్ని వాద్యాలు అక్కడికక్కడే చేసి చూపిస్తుంటాయి.

ఈ ఆల్బమ్‌లో వాయించిన ఆ ఐదుగురు ఎవరంటే, మాండలిన్ వాయిస్తూ పాడే క్రిస్ థీలీ, ఫిడేలు మీద గేబ్ విచర్, బాంజో మీద నోమ్ పికెల్నీ, గిటార్ మీద క్రిస్ ఎల్‌డ్రిడ్జ్, నిలబెట్టి వాయించే పెద్ద బాస్ మీద పాల్ కోవర్ట్. బ్లూగ్రాస్ అనే అమెరికా జానపద సంగీతం వాయించే సంప్రదాయ బ్యాండ్‌లో ఉండేవి కూడా ఈ ఐదు వాద్యాలే. డ్రమ్స్ ఉండవు. మరి లయ ఎవరు పట్టుకోవాలి?

ఇక్కడే బ్లూగ్రాస్ గుట్టు ఉంది. నాలుగు దెబ్బల తాళంలో ఒకటో దెబ్బ, మూడో దెబ్బ బాస్ మీద పడతాయి. రెండోదీ నాలుగోదీ మాండలిన్ చూసుకుంటుంది. మాండలిన్ వాయించే మనిషి తీగలన్నిటినీ ఒక్క ఊపున మీటి, ఆ క్షణంలోనే ఎడమచేతి వేళ్లు సడలిస్తాడు. నాదం పుట్టీ పుట్టకముందే తెగిపోయి 'టక్' అని పొడిగా మోగుతుంది. దీన్ని 'చాప్' అంటారు. వినేవాళ్ల చెవికి అదే డ్రమ్ దెబ్బ. కానీ పాట మధ్యలో మాండలిన్ తన వంతు సోలో అందుకున్నప్పుడు ఆ టక్ ఆగిపోతుంది. ఎవరూ చెప్పకుండానే ఫిడేలో బాంజోనో గిటారో ఆ బాధ్యత తీసుకోవాలి. ఫిడేలు అయితే కమానుతో తీగల మీద గరుకుగా కొట్టి ఆ పని చేస్తుంది. ఒకడు ముందుకొస్తే ఇంకొకడు వెనక్కి తగ్గి మోస్తాడు. కాసేపటికి వంతులు మారతాయి. మన కచేరీలో పక్కవాద్యాలు ఎప్పుడూ పక్కవాద్యాలే. ఇక్కడ ప్రతివాడూ ప్రధాన గాయకుడే, ప్రతివాడూ మృదంగమే.

ఈ వంతుల మార్పును పంచ్ బ్రదర్స్ ఎంత దూరం తీసుకెళ్లారో తెలియాలంటే మొదటి పాట 'ఫెమిలియారిటీ' వినాలి. పది నిమిషాలు దాటే పాట. మాండలిన్ మీద చకచకా పరుగెత్తే చిన్న స్వరాల గుంపుతో మొదలవుతుంది. ఒక్కో వాద్యం వచ్చి దానికి తగులుకుంటుంది. జనం గుమిగూడిన చోటు ఒకటి మాటల్లో కనిపిస్తుంది, అయితే అది ప్రార్థనా మందిరమో, మూసెయ్యబోతున్న బారో తేల్చి చెప్పదు పాట. అంతమంది కలిసి దేనికోసం వచ్చారో అక్కడున్నవాళ్లకే తెలియని స్థితి. గొంతులు ఒకదాని మీద ఒకటి పేరుకుని చర్చి గాయకబృందంలా ఎత్తుకు వెళ్తాయి, విడిపోతాయి, వేగం తగ్గుతుంది. చివరి భాగం నిదానంగా, ఒకే మనిషిని ఉద్దేశించి మాట్లాడుతున్నట్టు సాగుతుంది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అనే లెక్క ఇందులో దొరకదు. మొదటిసారి విన్నవాళ్లు మూడు పాటలు అతికించారేమో అనుకోవచ్చు. రెండు మూడు సార్లు విన్నాక మొదట్లోని స్వరాల గుంపే వేషాలు మార్చుకుని తిరుగుతోందని తెలుస్తుంది.

ఇది బ్లూగ్రాసేనా అని అమెరికాలో పాత తరం అభిమానులు అడుగుతూనే ఉన్నారు. థీలీ ఈ విమర్శ చిన్నప్పటి నుంచీ వింటున్నవాడే. నికెల్ క్రీక్ అనే బృందంలో పిల్లవాడిగా మొదలైన అతను, 2002లో వచ్చిన 'దిస్ సైడ్' ఆల్బమ్‌తో సమకాలీన జానపద విభాగంలో గ్రామీ అందుకున్నాడు. పంచ్ బ్రదర్స్ పేరుతో 2008లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో నలభై నిమిషాల పాటు నాలుగు భాగాలుగా సాగే రచన ఉంది. 2012లో థీలీకి, ప్రతిభావంతులకు అమెరికాలో ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. మరుసటి ఏడాది జర్మన్ స్వరకర్త బాఖ్ వయొలిన్ రచనలను మాండలిన్ మీద వాయించి రికార్డు చేశాడు. ఇలాంటివాడు చేసేది శాస్త్రీయ సంగీతం అవుతుంది గానీ బ్లూగ్రాస్ అని వాళ్లు అనుకునే కొండప్రాంతపు పాట ఎలా అవుతుందని వాళ్ల వాదన.

ఈ వాదనతో నేను ఏకీభవించను. బ్లూగ్రాస్ ఏ కొండలోనూ తనంతట తాను మొలవలేదు. కెంటకీ రాష్ట్రంలోని రోజీన్ గ్రామంలో 1911లో పుట్టిన బిల్ మన్రో దాన్ని కట్టాడు. స్కాట్లాండ్, ఐర్లాండ్ వలసదారుల ఫిడేలు పాటలు, చర్చి కీర్తనలు, ఆర్నాల్డ్ షుల్ట్స్ అనే నల్లజాతి గిటారిస్టు దగ్గర విన్న బ్లూస్, ఇవన్నీ అందులో ఉన్నాయి. బాంజో పూర్వరూపం పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో అమెరికా చేరింది. 1945 డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రాడు మన్రో బృందంలో చేరి, మూడు వేళ్లతో బాంజో మీటే పద్ధతిని నాష్‌విల్ వేదిక మీద వినిపించాక గానీ ఈ సంగీతానికి ఇప్పుడు మనం గుర్తుపట్టే రూపం రాలేదు. అంటే సంప్రదాయం అని మనం అంటున్నది వందేళ్లు కూడా నిండని ఒక ప్రయోగం. ఆ రోజుల్లో అదే కొత్త ధోరణి. థీలీ బృందం మన్రో చేసిన పనినే కొనసాగిస్తోంది, దగ్గరున్న ముడిసరుకు మాత్రం మారింది.

పైగా వీళ్ల మూలాలు ఎక్కడున్నాయో చూడండి. ఎల్‌డ్రిడ్జ్ తండ్రి బెన్, 'ది సెల్డమ్ సీన్' అనే పేరున్న బ్లూగ్రాస్ బృందంలో బాంజో వాయించినవాడు. ఎల్‌డ్రిడ్జ్ స్వయంగా గిటార్ దిగ్గజం టోనీ రైస్ దగ్గర నేర్చుకున్నాడు. రైస్ 1983 నాటి ఆల్బమ్ 'చర్చ్ స్ట్రీట్ బ్లూస్' మొత్తాన్నీ పంచ్ బ్రదర్స్ తమ పద్ధతిలో మళ్లీ వాయించి 2022లో విడుదల చేశారు. పెద్దల పట్ల గౌరవం లేనివాళ్లు చేసే పని కాదిది.

మాండలిన్ అనగానే మనకు గుర్తొచ్చేది పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. ఆయనకూ ఇలాంటి ప్రశ్నే ఎదురైంది. ఇటలీ నుంచి వచ్చిన వాద్యం మీద కర్ణాటక సంగీతమా అని. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. మీటిన నాదం ఎక్కువసేపు నిలవదు. నాదం నిలవకపోతే గమకం ఎక్కడి నుంచి వస్తుంది? శ్రీనివాస్ జత తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని, ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకుని, ఆ నాదాన్ని సాగదీశాడు. బ్లూగ్రాస్ వాళ్లు సరిగ్గా దీనికి ఎదురు దారిలో వెళ్లారు. నాదం నిలవకపోవడాన్నే వాడుకుని, దాన్ని ఇంకా తుంచి లయ చేసుకున్నారు. ఒకే వాద్యంలోని ఒకే లోపానికి రెండు ఖండాల్లో రెండు జవాబులు వచ్చాయి. శ్రీనివాస్ వాయించిన కీర్తనలు చెవిలో నిలిచిపోయిన తెలుగు శ్రోతకు థీలీ మాండలిన్ మొదట్లో పొడిగా అనిపించడం సహజం. ఆ పొడితనంలో ఉన్న పని ఏమిటో తెలిస్తే వినికిడి మారిపోతుంది.

ఆల్బమ్‌లో పదకొండు పాటలున్నాయి. వాటిలో రెండు పియానో రచనలు కూడా వచ్చి కూర్చున్నాయి, ఒకటి ఫ్రెంచ్ స్వరకర్త డెబుస్సీది, ఇంకొకటి రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్‌ది. డెబుస్సీ 'పాస్‌పియే' చదువుకున్నవాళ్ల గొప్ప చూపించుకోవడానికి పెట్టింది కాదు. దాన్ని పియానో మీద వాయించేటప్పుడు ఎడమచెయ్యి ఆగకుండా పొడిపొడి స్వరాలు వేస్తూనే ఉంటుంది. మీటి వాయించే తీగ వాద్యాలకు అది పుట్టుకతో వచ్చిన భాష. పియానో మీద ఒక్క మనిషి రెండు చేతుల్లో ఉన్న సంభాషణను ఐదుగురు పంచుకున్నారు. దాని మూలం తెలియనివాళ్లు విని, ఏదో పాత నాట్యపు పాట అనుకుని తల ఊపవచ్చు. పాస్‌పియే నిజంగానే ఫ్రాన్స్‌లో ఒకప్పటి నాట్యం, కాబట్టి ఆ తల ఊపడం సరైనదే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రెండో పాట 'జూలెప్'. చనిపోయిన ఒక మనిషి తన జీవితాన్ని తలుచుకుంటున్నాడు. జూలెప్ అంటే విస్కీలో పుదీనా, చక్కెర కలిపిన పానీయం, కెంటకీ వాళ్లకు ప్రాణం. అతనికి స్వర్గమంటే ఇంటి అరుగు మీద కూర్చుని ఆ గ్లాసు పట్టుకోవడమే. మాటల్లో ఎక్కడా ఫోన్ ఊసు లేదు. మొదటి పాటలో జనం మధ్య ఒంటరితనం విన్నాక వెంటనే ఈ అరుగు వస్తుంది కాబట్టి, ఏం పోగొట్టుకుంటున్నామో విడిగా చెప్పాల్సిన పని ఉండదు. వరస కుదర్చడంలో ఉన్న ఈ తెలివి పాటలను విడివిడిగా, యాప్ వేసిన వరసలో వింటే దక్కదు.

ఆల్బమ్‌లో అంతా సమానంగా నిలబడిందని అనను. నిర్మాత టి బోన్ బర్నెట్ చెయ్యి తిరిగినవాడు. 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ' సినిమా సంగీతంతో 2000లో లక్షలమందికి ఈ తరహా పాటలను దగ్గర చేసినవాడు. ఇక్కడ కొన్ని పాటల్లో ఆయన జే బెల్లరోజ్ చేత డ్రమ్స్ వాయింపించాడు. 'ఐ బ్లూ ఇట్ ఆఫ్', 'మాగ్నెట్' రేడియోలో వెంటనే పట్టుకునే పాటలు. 'మాగ్నెట్' సరదాగా ఉంటుంది, ఒకే ధ్రువాలు వికర్షించుకోవడాన్ని ఇద్దరు ఒకేలాంటి మనుషులకు అన్వయించడం బాగుంది. అయినా డ్రమ్ రాగానే ఏదో వదులవుతుంది. లయను మోసే పని ఇంకొకరికి అప్పజెప్పేశాక, ఐదుగురి మధ్య ఉండే ఆ టెన్షన్, ఆ చూపుల మార్పిడి తగ్గుతాయి. మిగతా పాటల్లో ఎవరు ఎప్పుడు భారం అందుకుంటారా అని చెవి వెతుకుతుంది. ఇక్కడ వెతకదు. 2018లో వచ్చి, ఉత్తమ జానపద ఆల్బమ్‌గా గ్రామీ గెలిచిన 'ఆల్ అషోర్'ను వీళ్లు బయటి నిర్మాత లేకుండా తామే చేసుకున్నారు. అల్లిక అందులో ఇంకా బిగువుగా ఉంది. కానీ 'ఫెమిలియారిటీ'లోని సాహసం అందులో లేదు. అందుకే నేను ఈ ఆల్బమ్ వైపే ఉంటాను.

నార్త్ కరోలినాలోని ర్యాలీ, కేరీ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఈ సంగీతం దూరపు విషయం కాదు. అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘం తన వార్షికోత్సవాన్ని 2013 నుంచి 2024 వరకు ర్యాలీలోనే జరిపింది. ఊరి నడిబొడ్డున వీధులు మూసి, వేదికలు వేసి, జనానికి ఉచితంగా వినిపించారు. అక్కడ నిలబడి విన్నవాళ్లకు చాప్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ ఆల్బమ్‌ను మొదటి పాటతో మొదలుపెట్టకుండా, వెనకాల ఉన్న 'బోల్ వీవిల్' దగ్గర ఆరంభించడం మంచిది. రాసినవాళ్లెవరో తెలియని పాత జానపదం. 1890లలో మెక్సికో నుంచి టెక్సాస్‌లోకి దిగి, దక్షిణ రాష్ట్రాల పత్తి చేలను నాశనం చేసిన బోల్ వీవిల్ అనే పురుగుకూ రైతుకూ మధ్య మాటామంతీ అది. పత్తి చేలో పురుగు పడితే ఇంట్లో ఏమవుతుందో ఆదిలాబాద్‌లోనూ గుంటూరులోనూ ఎవరికీ వివరించాల్సిన అవసరం లేదు. పాట చిన్నది, మాటలు తేలికవి, ఐదు వాద్యాలూ విడివిడిగా వినిపిస్తాయి. ఒకసారి బాస్‌ను మాత్రమే, ఇంకోసారి బాంజోను మాత్రమే పట్టుకుని వినండి. ఎవరు ఎవరికి చోటిస్తున్నారో అర్థమయ్యాక 'ఫెమిలియారిటీ'కి వెళ్తే, ఆ పది నిమిషాల్లో ఎక్కడ ఎవరు భారం అందుకున్నారో మీ చెవే పట్టిస్తుంది.