ఊపిరితిత్తుల చాటున మరుగుపడిన పేగు జబ్బు

2021 ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లతో రైలు మహారాష్ట్రకు బయలుదేరిన ఆ వారాల్లో నగరంలో ఎవరిని కదిపినా ఊపిరితిత్తుల మాటే వినిపించేది. సాచురేషన్ ఎంత, సీటీ స్కోరు ఎంత, ఎక్కడైనా బెడ్డు దొరికిందా అన్న ఆత్రుతలో, అదే రోగికి రోజుకు ఏడెనిమిది సార్లు నీళ్ల విరేచనాలవుతున్నాయంటే ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. ఇంట్లోవాళ్లు మందులు వేడి చేశాయని కొబ్బరి నీళ్లు, పలుచటి మజ్జిగ పట్టించేవారు. డాక్టర్లు దాన్ని కొవిడ్ లక్షణాల్లో కలిపేసేవారు. ఈ వైరస్ అతుక్కునే ఏసీఈ2 గ్రాహకాలు పేగుల్లోనూ ఉన్నాయి కనుక డాక్టర్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఇంట్లోవాళ్ల అనుమానంలోనూ సగం నిజం ఉంది. మందుల్ని తప్పుపట్టడం సబబే, వేడిని తప్పుపట్టడమే పొరపాటు.

మన పెద్దపేగులో కోటానుకోట్ల మేలు చేసే సూక్ష్మజీవులు కాపురముంటూ కొత్తవాటికి చోటివ్వవు. యాంటీబయాటిక్ ఊపిరితిత్తుల కోసమే వాడినా ఆ కాపురాన్ని చెదరగొడుతుంది. అప్పుడు ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్, అంటే డాక్టర్లు పొట్టిగా ‘సీ డిఫ్’ అనే బ్యాక్టీరియా, పెరిగి రెండు రకాల విషాలను వదులుతుంది. పేగు గోడ వాచి, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. యాంటీబయాటిక్ వాడకానికీ ఈ జబ్బుకూ ఉన్న లంకె 1978లోనే తేలింది. వయసు మళ్లినవారికి, ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉన్నవారికి ముప్పు ఎక్కువ. కొవిడ్ ఐసీయూల్లో పడుకున్నది ఎక్కువగా వాళ్లే.

ఆసుపత్రిలో చేరిన కొవిడ్ రోగుల్లో యాంటీబయాటిక్ అవసరమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్నవారు 8 శాతమేనని, ఆ మందు అందుకున్నవారు మాత్రం ప్రతి నలుగురిలో ముగ్గురని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెల్లడించింది. తొలి నెలల అయోమయంలో ముందుజాగ్రత్తగా రాసిన చీటీని తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వల్ల ఆసుపత్రిలోని కొవిడ్ రోగులకు ప్రయోజనం లేదని బ్రిటన్‌లో ‘రికవరీ’ పేరుతో జరిగిన మందుల పరీక్ష 2020 డిసెంబరులోనే తేల్చింది. నాలుగు నెలల తర్వాత రెండో అల వచ్చినప్పుడూ వాట్సాప్‌లో చేతులు మారిన మందుల జాబితాల్లో ఆ పేరు చెక్కుచెదరలేదు. దీన్ని అయోమయం అనలేం, అలవాటు అనాలి. నిజానికి సీ డిఫ్ విషయంలో అజిత్రోమైసిన్ కంటే వార్డుల్లో సెలైన్‌తోపాటు ఎక్కించే సెఫలోస్పోరిన్లు, కార్బపెనెమ్‌ల వంటి యాంటీబయాటిక్‌లే ఎక్కువ ప్రమాదకరం.

ఇంత జరిగినా అమెరికాలో 2020లో ఆసుపత్రుల్లో సోకిన సీ డిఫ్ కేసులు అంతకు ముందు ఏడాది కన్నా తగ్గాయి. గ్లౌజులు, గౌన్లు, విడి గదులు కొంత కాపాడి ఉండవచ్చు. విరేచనాలను వైరస్ ఖాతాలో వేసి పరీక్షే చేయకపోవడం వల్ల కూడా అంకె తగ్గి ఉండవచ్చు. రెండో కారణం మన దగ్గర ఇంకా బలంగా పనిచేస్తుంది. మలంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే మామూలు కల్చర్ పరీక్షలో ఇది దొరకదు. దాని విషం కోసం ప్రత్యేకంగా పరీక్ష రాయాలి.

ఆ రోజుల్లో మనం చేతికి రాసుకున్న శానిటైజర్ కరోనాను చంపింది కానీ సీ డిఫ్ విత్తనాల వంటి స్పోర్లను ఏమీ చేయలేదు. వాటిని వదిలించాలంటే సబ్బు, పారే నీళ్లు కావాలి. నేలకూ మరుగుదొడ్డికీ క్లోరిన్ ద్రావణం కావాలి. కొవిడ్ వార్డులో రోగులను బయటివారి నుంచి వేరు చేశారు గానీ ఒకరి నుంచి ఒకరిని వేరు చేయలేదు. వార్డు మొత్తానికీ ఉమ్మడి మరుగుదొడ్లు, ఒకే పీపీఈ కిట్‌తో మంచం నుంచి మంచానికి వెళ్లే సిబ్బంది ఉన్నచోట స్పోర్లకు ఇంకేం కావాలి?

విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రులైన విమ్స్‌కూ కేజీహెచ్‌కూ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచే కాక ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు. యాంటీబయాటిక్ ఆపాక రెండు మూడు నెలల వరకూ సీ డిఫ్ ముప్పు ఉంటుంది. నెగెటివ్ వచ్చి ఊరికి చేరిన మనిషికి మూడు వారాలకు విరేచనాలు పట్టుకుంటే విశాఖకు తిరిగి రాడు, దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాడు. ఆయన విరేచనాలు కట్టే బిళ్ల ఒకటి, మరో యాంటీబయాటిక్ ఒకటి ఇస్తాడు. ఈ జబ్బులో రెండూ చేటే. ఆ మనిషి చేతిలోని డిశ్చార్జి కాగితంలో ఆక్సిజన్ అంకెలుంటాయి. విరేచనాలు మొదలైతే ఏ పరీక్ష అడగాలో ఉండదు.