పది, పది, పది

బీఎస్సీ కెమిస్ట్రీ ల్యాబు రికార్డు ఏది తెరిచినా అదే దర్శనం. టైట్రేషన్ అంటే ఒక ద్రావణంలో పదార్థం ఎంతుందో, దానితో చర్య జరిపే ఇంకో ద్రావణాన్ని కొలిచి పోసి తేల్చడం. పోసేది బ్యూరెట్‌తో, అంటే అడుగున కుళాయి ఉన్న గీతల గాజు గొట్టంతో. దాని మొదటి రీడింగు 0.0, ఆఖరిది 10.0. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. రామకోటి రాసినట్టు రాస్తారు. బ్యూరెట్ నుంచి రాలే ఒక్క చుక్కే దాదాపు 0.05 మి.లీ. ఉంటుంది. మూడుసార్లూ ఆ చుక్క తేడా కూడా రాలేదంటే మన పిల్లలకు యోగసిద్ధి కలిగిందనే అనుకోవాలి.

సిద్ధికి మూలం చిన్న లెక్క. ఫ్లాస్కులో ఫెర్రస్ రూపంలో ఇనుమున్న మోర్ సాల్ట్, బ్యూరెట్‌లో ముదురు రంగు పర్మాంగనేట్. ఐదు ఫెర్రస్‌లకు ఒక పర్మాంగనేట్. అంటే 20 మి.లీ. 0.05 మోలార్ (మోలార్ అంటే గాఢతకు కొలత) మోర్ సాల్ట్‌కు 0.02 మోలార్ పర్మాంగనేట్ 10 మి.లీ. సరిపోతుంది. ఇక బ్యూరెట్ తడవడం దేనికి? మొదటి బల్ల దగ్గర పుట్టిన పది పావుగంటలో ఆఖరి బల్ల దాకా ప్రసాదంలా అందుతుంది.

ఎవరైనా పొరపాటున నిజంగా టైట్రేషన్ చేస్తే అది చూడముచ్చటే. కోనికల్ ఫ్లాస్కును డిస్టిల్డ్ వాటర్‌తో కాక మోర్ సాల్ట్ ద్రావణంతోనే కడుగుతారు, కాస్త ఇనుము ఉచితం. 20 మి.లీ. కొలిచి తీసే గాజు గొట్టం, అదే పిపెట్, దాని కొసన మిగిలిన బొట్టును ఉఫ్‌మని ఊదుతారు. ఆ బొట్టును వదిలేసే 20కి గీత గీశారని గాజు చేసినవాడికి తెలుసు, మనవాడికి తెలియదు. బ్యూరెట్ ముక్కులో గాలిబుడగ, నెత్తిన తీయని గరాటు, అందులోంచి తీరిగ్గా దిగే చుక్కలు. సల్ఫ్యూరిక్ ఆమ్లం తగ్గితే ఫ్లాస్కులో గోధుమరంగు మడ్డి. కుళాయి బార్లా తెరిచి కళ్లేమో పక్కవాడి రికార్డులో! అరనిమిషం నిలిచే లేత గులాబీ రంగు దగ్గర ఆగాల్సింది నేరేడుపండు దాకా పోతుంది. ముదురు రంగులో ద్రవమట్టం కింది వంపు కనబడదు కాబట్టి పై అంచు చూసి చదవాలి. చదివితే 11.3. రికార్డులో మాత్రం 10.0.

అసలు ఆ సీసాలో ఉన్నది 0.02 అని ఎవరు చెప్పారు? చీటీ చెప్పింది. పర్మాంగనేట్ ప్రైమరీ స్టాండర్డ్ (తూచి కలిపితే చాలు, గాఢత కచ్చితంగా తెలిసే పదార్థం) కాదని వైవాలో గడగడా అప్పజెప్పించుకుంటారు, అదే సీసాను వారాల తరబడి స్టాండర్డైజ్ చేయకుండా, అంటే అసలు గాఢత ఎంతో తేల్చకుండా వాడతారు. అడుగున మాంగనీస్ డయాక్సైడ్ చేరి బలం తగ్గుతుంది. శ్రద్ధగా చేసినవాడికి 10.4 వస్తుంది. మార్కులు వాడికే కోస్తారు! కాపీ కొట్టినవాడికి పూర్తి మార్కులు, కళ్లతో చూసింది రాసినవాడికి రిపీట్. సిగ్గుండాలి, దీన్ని ప్రాక్టికల్ పరీక్ష అనడానికి. గర్భిణులు వేసుకునే ఐరన్ మాత్రలో ఫెర్రస్ ఎంతుందో తేల్చేదీ ఇలాంటి టైట్రేషనే. ఆ ల్యాబులో ఉద్యోగానికి వెళ్లేదీ ఈ పది రాసినవాడే.